సమాధుల పండుగకు ముందురోజు

మా ఇంట్లో పండుగ లేదు. ఒక్కటి కూడా లేదు. క్రిస్మస్ లేదు, మంచి శుక్రవారం లేదు, ఈస్టర్ లేదు, మట్టల ఆదివారం లేదు. చేయమని బైబిలు వాక్యంలో ఎక్కడా రాసి లేదు కాబట్టి లేదు. రాసి ఉన్నది ఒక్కటే, రొట్టె విరవమని. దాన్ని ప్రతి ఆదివారం విరుస్తాం. నిజామాబాద్‌లో మేముండే గల్లీ చివర రేకుల షెడ్డులో మా సంఘం కూడుతుంది. స్టార్ కట్టం, చెట్టు పెట్టం, కేకు కొయ్యం. పెళ్లయి ఆ సంఘంలోకి వచ్చి పదహారేళ్లయినా, డిసెంబరు నెల వస్తే నన్నెవరో చాటుగా తిడుతున్నట్టే ఉంటుంది నాకు.

పక్కింటి అక్క బీడీలు చుడుతుంది. నా పెళ్లయిన ఏడాది డిసెంబరు ఇరవై ఐదున పొద్దున్నే తలకు పోసుకుని, మంచి చీర కట్టుకుని, మేం కేకు పెడతామనుకుని మా ఇంటికొచ్చింది. నేను పాత నైటీలో పప్పుకు పోపు పెడుతున్నాను. ఆమె నన్నూ పొయ్యినీ మార్చి మార్చి చూసింది. "గిదేం సోద్యమమ్మా! మాకు బతుకమ్మ ఉండె, దసరా ఉండె, నెలకొకటి ఉండె. మీకు ఉన్నదే ఒక్క పండుగ, గదీ చేసుకోరా?" అంది. మాది వేరే సంఘం అక్కా అని ఏదో గొణిగాను. ఆ రోజు ఆమెకు పప్పన్నం పెట్టి పంపాను. పాపం, తిన్నది.

నేనిలాంటి ఇంట్లో పుట్టలేదు. బోధన్ దాటి వర్ని వైపు పోయే దారిలో, కాలువ కింద మా ఊరు. మా బాపు ఎడ్లబండి మీద చెరకు తోలేవాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయాక అందరిలాగే వరికి మళ్లాడు. మాది పాత మిషన్ చర్చి. అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక పండుగ. కోత పండుగకు చెరకు గడలు తెచ్చి చర్చి స్తంభాలకు కట్టేవాళ్లు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ముందు ప్రసంగం చేస్తుంటే వెనక మేం పిల్లలం మెల్లగా గడ విరుచుకుని నమిలేవాళ్లం. చప్పుడు కాకుండా చెరకు నమలడం ఎంత కష్టమో మా చర్చి పిల్లల్ని అడగాలి.

అన్నింటికంటే పెద్దది సమాధుల పండుగ. నవంబరు రెండున పొద్దున్నే ఊళ్లో క్రైస్తవులంతా కాలువ గట్టు పక్కనున్న సమాధుల తోటకు పోతారు. గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఎవరి వాళ్ల దగ్గర వాళ్లు నిలబడతారు. అయ్యగారు వరుసగా వస్తాడు. ఒక్కో సమాధి దగ్గర ఆగి, అందులో ఉన్న మనిషి పేరు గట్టిగా చదివి, "వీళ్ల వాళ్లు ఎవరున్నరు?" అని అడుగుతాడు. "మేమున్నం" అని ఇంటివాళ్లు జవాబు చెప్పాలి. పెద్ద సంతానం చెప్పడం మర్యాద. అప్పుడు ప్రార్థన చేసి ముందుకు కదులుతాడు. అంతే పండుగ. కానీ ఆ ఒక్క మాట చెప్పడానికి మా ఊరివాళ్లు బొంబాయి నుంచి కూడా దిగేవాళ్లు. జవాబు రాని సమాధి దగ్గర ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకునేవాళ్లు.

ఇది వాక్యంలో ఉందా? లేదు. నాకు తెలుసు. మా ఆయన పెళ్లయిన కొత్తలోనే నాకు ఓపిగ్గా చెప్పాడు. ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ప్రతి తీగా లెక్కగా చుట్టాల్సిందే. "దేవుడు పెట్టని దినాన్ని మనుషులు పెట్టుకొని, గది దేవుని దినమంటే, రేపు ఎవడేది చెప్పినా ఒప్పుకోవాలె గద" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. కానీ దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని కూడా అదే వాక్యంలో ఉంది. ఆ సంగతి ఎత్తితే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. జవాబు లేనప్పుడు ఆయన చేసే పని అది.

నేను ఇంట్లో మిషన్ కుడతాను. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే పట్నంలోని మిగతా చర్చిల పిల్లలకు క్రిస్మస్ గౌన్లు కుట్టేది నేనే. మా సంఘంలో దీని మీద ఒకసారి గొడవ లేచింది. పండుగ చేసుకోని ఇంట్లో పండుగ బట్టలేమిటని ఎవరో అడిగారు. మేం పెద్ద బ్రదర్ అని పిలిచే మా సంఘ పెద్ద ఆలోచించి, "కుట్టుడు పని. తొడుక్కొని పోవుడు పండుగ. పని చేసుకోవచ్చు" అని తీర్పు చెప్పాడు. అమ్మయ్య అనుకున్నాను. ఆ తీర్పు మా ఆయన కంటే నాకే బాగా నచ్చింది.

మా సంఘంలో పండుగ చేసినవాళ్లను ప్రభువు బల్లకు, అంటే ఆదివారం రొట్టె తీసుకోవడానికి, దూరం పెడతారు. అరుపులుండవు, తిట్లుండవు. రొట్టె పళ్లెం వరుసలో వస్తుంది, ఆ మనిషిని దాటి పక్క మనిషికి పోతుంది. అంతే. ఒక సిస్టర్ మనవల ముచ్చటకు క్రిస్మస్ కేకు కోసిందని మూడు నెలలు అట్లా దాటించారు. ఆమె నా ముందు వరుసలోనే కూర్చునేది. పళ్లెం వచ్చే వేళకు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోళ్లు చూసుకుంటూ ఉండేది. ఆ పళ్లెం మా వరుసల్లో అందించేది మా ఆయనే.

బాపు పోయి రెండేళ్లు దాటింది. ఆ తోటలోనే పెట్టారు. మొదటి ఏడు సమాధుల పండుగకు అవ్వ పిలిస్తే జ్వరమని చెప్పాను. మా అవ్వ నన్ను కన్న మనిషి, నా గొంతులో జ్వరం ఉందో లేదో తెలియదా? "సరే బిడ్డా, పండుకో" అంది. నేను ఒక్కదాన్నే సంతానం. ఆ ఏడు "మేమున్నం" అని అవ్వ ఒక్కతే జవాబు చెప్పింది. ఒక్క మనిషి 'మేము' అంటే ఎట్లుంటుంది?

రెండో ఏడు, అంటే పోయిన ఏడాది అక్టోబరులో, మళ్లీ ఫోన్ చేసింది. "ఈయేడన్న వస్తవా బిడ్డా? మోకాళ్లు లేస్తలెవ్వు. వంగి సున్నం ఏసుడు నాతోని అయితలేదు" అంది. చూస్తానవ్వా అన్నాను. ఆ 'చూస్తాను' అన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. వెళ్తే బల్ల పోతుంది. వెళ్లకపోతే అవ్వ. పళ్లెం నన్ను దాటిస్తే దాటించేది ఎవరు? కట్టుకున్న మొగుడు. ఆయన చెయ్యి వణుకుతుంది, నాకు తెలుసు, అయినా దాటిస్తాడు. ఆయన మోసం చేయలేని మనిషి. కుట్టే బ్లౌజులకు చంకలు తప్పు కత్తిరించాను, రెండు పాడుచేశాను. పక్కింటి అక్క చూసి, "ఏమైందే, గాలి సోకిందా?" అని నవ్వింది. నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

అట్లా వారం రోజులు కొట్టుకున్నాక ఒక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కుట్టుడు పనైతే సున్నం వేసుడు పని కాదా? రెండో తారీఖున వేస్తే పండుగ. ఒకటో తారీఖున వేస్తే పని. పూలు పెట్టను, కొవ్వొత్తి ముట్టించను, అయ్యగారి ముందు నిలబడను. అవ్వకు వంగే బాధ తప్పుతుంది. నా బల్ల నాకుంటుంది. ఎవరి తీర్పూ అక్కర్లేదు. ఇంత సులువైన దారి ఉండగా ఇన్ని రోజులు ఏడ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒకటో తారీఖు పొద్దున మా ఆయనతో, బోధన్‌లో ఒకామెకు బ్లౌజులు ఇచ్చి రావాలన్నాను. ఇవ్వాల్సిన మాట నిజమే, బ్లౌజులు సంచిలో ఉన్నాయి. వాటి కింద కుంచె కూడా ఉంది. బోధన్ బస్సు దిగి బ్లౌజులు ఇచ్చేసి, సున్నం, కాస్త నీలిమందు కొని, ఆటోలో తోట గేటు దగ్గర దిగాను. ఇంటికి పోలేదు. పోతే అవ్వ ఉండమంటుంది, ఉంటే తెల్లారితే రెండో తారీఖు. చున్నీ ముక్కు దాకా కప్పుకున్నాను.

బాపుది గేటు లోపలే మొదటి వరుస. గడ్డి పీకాను. కాలువ నీళ్లలో సున్నం కలిపాను. ఎండిన సున్నం మీద కొత్త సున్నం పడుతుంటే ఆ సిమెంటు దిమ్మె మళ్లీ మనిషి ఒళ్లులా తేటపడింది. నేను నోరు మూసుకున్నాను. 'బాపూ' అని కూడా అనలేదు. అంటే అది ప్రార్థన కిందికి వస్తుందేమోనని భయం. ఏడిస్తే అది దినం పాటించినట్టు అవుతుందేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది కానీ అప్పుడు నిజంగానే కన్నీళ్లు మింగాను.

తోట చూసుకునే ముసలాయన కొత్తవాడు, నా పెళ్లయ్యాక వచ్చినవాడు. కట్టె ఊపుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ముందుగాలనే ఏస్తున్నవేందమ్మా? రేపు ఎవ్వరు రారా మరి?" అన్నాడు. గొంతు వింటే గుర్తుపెట్టుకుని ఎప్పుడన్నా అవ్వకు చెబుతాడని నా భయం. మాట్లాడకుండా, రామన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన "అట్లనా" అని, గోడవార నుంచి ఒక ఇటుక తెచ్చి సమాధి తలాపున పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. నాకు బస్సు తొందర. మధ్యాహ్నానికల్లా నిజామాబాద్‌లో ఇంట్లో ఉన్నాను, గోళ్లలో సున్నం కూడా గీరేశాను.

మర్నాడంతా కుట్టు మిషన్ ముందు కూర్చున్నానే గానీ సూదిలోకి దారం ఎక్కలేదు. అవ్వ చూసి ఉంటుంది, ఎవరో వేశారని సంతోషపడి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఎవరో మీ బాపుకు సున్నం ఏసిపోయిన్రు బిడ్డా" అంది అవ్వ.

"ఎవరవ్వా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"తెల్వదు. మీ బాపు తోని బండి తోలినోళ్లెవరన్న అయి ఉంటరు. మంచిగనే ఏసిన్రు, నీలిమందు గూడ ఏసిన్రు. గని పిలుపు పోయింది."

"పిలుపు పోవుడేంది?"

అప్పుడు చెప్పింది. ముందురోజే సున్నం పడి, తలాపున ఇటుక ఉంటే, ఆ ఇంటివాళ్లు ఎవరూ రావడం లేదని గుర్తట. పిలిచాక జవాబు రాకపోతే పోయినవాళ్లకు పరువు తక్కువని, ఇటుక ఉన్న సమాధి దగ్గర అయ్యగారు ఆగడట, పేరు కూడా చదవడట. ఈమధ్య దూరదేశాలు పోయినవాళ్లు ఎక్కువై, ఈ పద్ధతి పెట్టుకున్నారు. నా చిన్నప్పుడు ఇది లేదు. అవ్వకు ఆటో దొరకడం ఆలస్యమైంది. పూలూ సున్నం బకెట్టూ పట్టుకుని ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి అయ్యగారు మూడో వరుసలో ఉన్నాడు.

"వెనుకకు పిలుద్దామంటే అందరు నా దిక్కే సూడవట్టిరి. నోరు లేవలే. సున్నం ఏస్తే ఏసిరి, పుణ్యమే. గని ఎవ్వరు రారని చెప్పుడెందుకు బిడ్డా? నేను బతికే ఉంటి గద" అంది.

నేనేనవ్వా అని చెప్పాలి. చెప్పలేదు. "పోనీ అవ్వా, వచ్చే ఏడు చదువుతరు" అన్నాను. ఎంత సిగ్గులేని మాట అది!

రెండు రోజులు తట్టుకున్నాను. శనివారం మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన వైండింగ్ తీగ పక్కన పెట్టి, కళ్లద్దాలు తీశాడు. "రేపు బల్ల ఉంది. ఇప్పుడే పోయి పెద్ద బ్రదర్‌కు చెప్దాం పా" అన్నాడు. ఆయన ముఖం తెల్లబోయింది. వెంటనే బండి తీశాడు. దారి పొడుగునా నా పక్కనే కూర్చున్నట్టుంది ఆ రొట్టె పళ్లెం.

పెద్ద బ్రదర్ కోపిష్టి కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఒక్కొక్కటే అడిగాడు.

"ఏ తారీఖున పోయిన్రు సిస్టర్?"

"ఒకటిన."

"పూలు పెట్టిన్రా?"

"లేదు."

"కొవ్వొత్తి? ప్రార్థన?"

"లేదు బ్రదర్. బాపూ అని గూడ అనలే."

ఆయన కాసేపు గడ్డం రుద్దుకుని, తల ఊపాడు. "అట్లయితే దినం పాటించినట్టు గాదు. శుభ్రం చేసుడు పని. మీ మీద తప్పేం లేదు. నిమ్మళంగ బల్లకు రండి."

మా ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. వచ్చేటప్పుడు బండి ఆపి వేడి వేడి మిర్చి బజ్జీలు కట్టించాడు. ఇన్నేళ్లలో ఆయన అంత సంతోషంగా బజ్జీలు తినడం నేను చూడలేదు. నా నోట్లోవి మాత్రం గడ్డి నమిలినట్టున్నాయి. బోధన్‌లో పనుందని మొగుడితో అబద్ధమాడిన సంగతి పెద్ద బ్రదర్ అడగలేదు. బతికున్న తల్లి లేదన్నట్టు తల ఊపిన సంగతీ అడగలేదు. ఆయనకు తెలియదు కాబట్టి అడగలేదేమో. అడిగి ఉంటే బాగుండునని, ఎవరైనా నన్ను గట్టిగా నాలుగు తిడితే బాగుండునని అనిపించింది.

ఆదివారం పళ్లెం వచ్చింది. మా ఆయన చెయ్యి వణకలేదు. నేను రొట్టె తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. కూటం అయిపోయి షెడ్డు బయట చెప్పులు వేసుకుంటూ ఆయనతో అన్నాను, "నేను అవ్వ దగ్గరికి పోతున్న. నేనే చేసిన్నని చెప్పాలె" అని. ఆయన ఒక్క నిమిషం నిలబడి, "బస్టాండు దాక దింపుత" అన్నాడు.

నేను వెళ్లేసరికి అవ్వ గడప దగ్గర కాళ్లు చాపుకుని పల్లికాయ ఒలుస్తోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. అది చూసి ఇంకా భయమేసింది. కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని.

"అవ్వా, సున్నం ఏసింది నేనే."

ఆమె చెయ్యి ఆగింది. "నువ్వా? ఎప్పుడొచ్చినవ్?"

"ముందురోజు."

"ఇంటికి రాకపోతివి?"

నేను సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"ఎవ్వరు రారని ఆ ముసలాయనకు చెప్పింది గూడ నువ్వేనా?"

తల ఊపాను. తర్వాత మొదలుపెట్టాను, ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. ఇటుక సంగతి తెలియదని, పళ్లెం గురించి, గోళ్లు చూసుకుంటూ కూర్చున్న సిస్టర్ గురించి, మా ఆయన చెయ్యి గురించి, పనికీ పండుగకూ ఉన్న తేడా గురించి. అవ్వ అంతా విన్నది.

"మరి మీ పెద్దాయన ఏమన్నడు?" అని అడిగింది చివరికి.

"తప్పు లేదన్నడు."

"తప్పు లేదన్నడా" అంది. ఒళ్లోని పొట్టు దులిపింది. "నా మీద కోపానికి రాలేదంటే గూడ ఇంత బాధ లేకపోవు బిడ్డా. మీ బాపు కాడికి దొంగలెక్క వచ్చి పోతివి. సరే, పండుగ తప్పే అనుకో. మీ వాళ్లు సదువుకున్నోళ్లు, నాకన్న వాళ్లకే ఎక్కువ తెలుస్తది. తప్పయితే తప్పాయె. గా తప్పేదో నాతోని కలిసి చెయ్యరాదా?"

నాకు ఏడుపు ఆగలేదు. తోటలో మింగిందంతా ఆ గడప మీదే వచ్చింది. అవ్వ ఓదార్చలేదు. ఏడవనిచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "వచ్చే ఏడు వస్తనవ్వా. రెండో తారీఖునే వస్త" అన్నాను.

"బల్లకు దూరం పెడ్తరు గద?"

"పెడ్తరు."

"అల్లుడే దాటిస్తడు గద?"

"దాటిస్తడు." చెబుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా చల్లబడే ఉన్నాయి. ఆ వచ్చే ఏడు ఇదే, పండుగ ఇంకా మూడు వారాలుంది. వెళ్తానని మా ఆయనకు చెప్పాను. కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అవ్వ ఆ రోజు నా ముఖంలోకి చూసి, గుప్పెడు పల్లీలు నా చేతిలో పోసింది.

"నేనుంటే ఇద్దరం కలిసి సున్నం ఏద్దం. నేను లేకుంటే రెండింటికి నువ్వే ఏద్దువు" అంది. "ముందురోజు మాత్రం రాకు."